రేడియేటర్‌లో కారం

నిన్న చిలకలూరిపేట షెడ్డులో కుర్రాళ్లు ఒక పాత జీపుకి పెద్ద టైర్లు ఎక్కిస్తున్నారు. వెనక భాగం కోసి బస్తాలకు తొట్టి కట్టించిన బండి, అచ్చం ఒకప్పటి మా నాన్న బండిలాంటిదే. ఆ డీజిల్ వాసనకి అక్కడే ఆగిపోయాను.

మిరప బస్తాల మీద కూర్చుని తుమ్ముకుంటూ ఇంటికొచ్చిన నా ఈడువాళ్లారా, గుర్తుందా? నల్లరేగడి బురదలో ట్రాక్టరు దిగబడినా మా జీపు వచ్చేసేది. నాకది బైబిల్లో ఏలీయా ప్రవక్త కోసం దిగివచ్చిన అగ్నిరథమే!

అలాంటి బండిని నాన్న అమ్మబోయాడు. వినుకొండ నుంచి బేరగాడు వచ్చే పొద్దునే రేడియేటర్ కారడం మొదలైంది. పసుపు పోస్తే చిల్లు పూడుతుందని అప్పట్లో అందరూ చేసే పనే.

"అమ్మాయ్, గుప్పెడు పసుపు తెచ్చి రేడియేటర్లో పొయ్యవే!" అని నాన్న బండి కింద నుంచి కేకేశాడు.

నేను కారం పోశాను.

బేరగాడు బండెక్కి ఊరు దాటాడో లేదో, కారపు ఆవిరి ముఖాన కొట్టింది. "మీ బండికో దండం బాబూ!" అని దగ్గుకుంటూ నడిచే వెళ్లిపోయాడు.

"పసుపుకీ కారానికీ తేడా తెలీదటే?" అని, డబ్బా తీసిచ్చింది అమ్మేననుకుని నాన్న ఆమె మీద విరుచుకుపడ్డాడు. అమ్మ నా ఎర్రటి చేతులు చూసింది.

"తొందర్లో డబ్బా మారిందయ్యా" అంది.

చిల్లు దాచి అమ్మే మోసాన్ని ఆపడానికే చేశానని చెప్పుకోవచ్చు. దేవుడి ముందు ఆ బొంకు నిలవదు. బండి పోకూడదని చేశాను, అంతే. "పాపాలు ఒప్పుకోండి!" అని ఊరూరా సువార్త సభల్లో గర్జించే నేను, అమ్మ బతికుండగా ఈ ఒక్కటీ ఒప్పుకోలేదు.

నిన్న షెడ్డు నుంచే నాన్నకు ఫోన్ చేసి చెప్పాను.

"ఇప్పుడా చెప్పేది? మీ అమ్మని ఎన్నేళ్లు ఆడిపోసుకున్నానే!" అన్నాడు.