సలహా ఇవ్వని మేనత్త

మొన్న ఎచ్చెర్ల నుంచి ఒక విద్యార్థిని ఫోన్ చేసింది. మనస్తత్వశాస్త్రంలో పరిశోధన చేస్తోందట. మనిషిని రోగిగా కాక మనిషిగా చూసే పద్ధతిని మా వైపు మొదలుపెట్టింది మా మేనత్తేనని ఎవరో చెప్పారట. ఆవిడ సిద్ధాంతం ఏమిటని అడిగింది. సిద్ధాంతం నాకు తెలియదు, ఆవిడ బాగా వినేదని చెప్పాను.

అరసవల్లిలో మాది బట్టల కొట్టు. కొట్టు వెనకే ఇల్లు. మేనత్త మాతోనే ఉండేది. పగలు కాలేజీలో పాఠం చెప్పేది, సాయంత్రం ముందుగదిలో రెండు కుర్చీలు వేసుకుని, వచ్చినవాళ్ల గోడు వినేది. మందు లేదు, తాయెత్తు లేదు, సలహా కూడా లేదు. తన దారి మనిషికి తనకే తెలుస్తుందనీ, తొందరపెట్టని తోడొకటి ఉంటే చాలనీ అనేది. గుమ్మం తొక్కిన మనిషిని గంటసేపు ఊరికే కూర్చోబెట్టి పంపడం మా నాన్నకు వింతగా ఉండేది. ఆయనైతే ఈలోపు పది చీరలు విప్పి చూపించేవాడు.

నేను డిగ్రీలో ఉండగా, సముద్రపు ఒడ్డు పల్లె నుంచి ఒకాయన తన చెల్లెల్ని తీసుకొచ్చాడు. ఆమె భర్త చేపల వేటకెళ్లి తిరిగి రాలేదు. అప్పట్నుంచీ ఆమె నోరు విప్పలేదు. వారానికోసారి వచ్చి అత్త ఎదుట కూర్చునేది. అత్తా ఏమీ అడిగేది కాదు. అయిదో వారానికి అన్నకు ఓపిక నశించింది.

"ఊరికే కూకుంటే నయమైపోద్దేటమ్మా? ఏటో ఒకటి సెప్పండి. మీ మాట ఇంటాది."

"నా మాట ఆమెకెందుకు నాయనా? ఆమె మాట కోసం కూర్చున్నాను," అంది అత్త.

ఆయన చెల్లెల్ని లేవదీసుకుని వెళ్లిపోయాడు. మరి రెండు వారాలు రాలేదు. ఆ వేళకి అత్త ఖాళీ కుర్చీ ఎదుట కూర్చునే ఉండేది. "తప్పు చేసేనేటిరా?" అని నన్ను అడిగింది. ఆవిడ అలా అడగడం అదొక్కసారే.

మూడో వారం ఆమె ఒక్కర్తే బస్సు దిగి వచ్చింది. లోపల ఏం జరిగిందో అత్త మాకెప్పుడూ చెప్పలేదు. అత్త పోయిన పదకొండో రోజున ఆమే వచ్చి చెప్పింది.

"ఆయన ఏటకెల్లిన పొద్దు ఆకాశం బాగునేదు. ఎల్లొద్దని సెప్పాలనుకున్నాను, సెప్పనేకపోనాను. మీ అత్తతో అదే అన్నాను. 'సెప్పలేకపోయావు' అంది, అంతే. నీ తప్పు కాదనీ అన్నేదు, తప్పనీ అన్నేదు. అప్పుడు ఏడుపొచ్చినాది బాబూ."

ఇప్పుడామె చేపలమ్ముకుంటూనే, వాళ్ల పల్లెలో మగదిక్కు పోయిన ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి కూర్చుంటోంది. ఈ సంగతే ఆ విద్యార్థినికి చెప్పి, ఊరి పేరిచ్చాను.

ఇన్నేళ్లలో అత్త గొంతు మరిచిపోయాను. నా ఎదుట కూర్చున్నంతసేపూ ఆవిడ గడియారం వైపు చూడకపోవడం మాత్రం, నాకు మిగిలిన కాలం తగ్గుతున్నకొద్దీ ఎక్కువగా గుర్తొస్తోంది.