తాతయ్యకు వేడి చేసిందన్నారు

నా చిన్నప్పుడు మా ఊళ్ళో జబ్బులుండేవి గాని వాటికి పేర్లుండేవి కావు. ఉండే ఉంటాయి, పైకి ఎవరూ అనేవారు కాదు. చీకటి పడ్డాక పామును పురుగు అన్నట్టే, క్షయను పెద్దజబ్బు అనేవారు. మశూచి వస్తే అమ్మవారు వచ్చిందనేవారు. మూర్ఛ వచ్చిన పిల్లకు గాలి సోకిందనేవారు. ఈ కోవల్లో దేనికీ చెందని వాటన్నిటికీ కలిపి ఒకటే మాట, వేడి చేసింది. కళ్ళు మండినా వేడే, నోరు పూసినా వేడే, మనిషి చిక్కి సగమైపోయినా వేడే. నేనా, ప్రతిదానికీ పేరేమిటని అడిగే రకాన్ని. అడిగినప్పుడల్లా నెత్తిన ఒక మొట్టికాయ పడేది. పేరు పలికితే జబ్బు మనింటికే వస్తుందని మా అమ్మ గట్టి నమ్మకం.

మాది రామచంద్రపురానికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. మా తాతయ్య వరి పండించే మనిషి. పొద్దున్నే చద్దన్నం తిని గట్టుమీదికి వెళితే మళ్ళీ ఎండ నడినెత్తికి వచ్చేదాకా ఇంటి మొహం చూసేవాడు కాదు. అలాంటి మనిషికి ఆ ఏడు ఒకటే దాహం పట్టుకుంది. చెంబుల కొద్దీ నీళ్ళు తాగడం, కాసేపటికే పెరట్లోకి పరిగెత్తడం. ఒళ్ళు తగ్గిపోయి చొక్కా వదులైంది. దానికి తోడు కొత్త కిర్రుచెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన పుండు పడింది. చెప్పు కరిచిన పుండు ఎంతలో మానాలి? ఇది మానలేదు, సరిగదా రోజురోజుకీ లోతుకు పోయింది.

మా నాన్న ఆయన్ని రామచంద్రపురంలో ఒక డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాడు. డాక్టరుగారు చూసి, మా నాన్నను పక్కకు పిలిచి జబ్బు పేరు చెప్పారు. మా నాన్న చేతులు జోడించి, ఆ పేరు మాత్రం ఆయన చెవిన పడనివ్వకండి, ఆ బెంగతోనే పోతాడు అని మాట తీసుకున్నాడు. ఇంటికొచ్చి మా అమ్మతో వంటింట్లో, ముందు తీపి మాన్పించి చూడమన్నారని గుసగుసలాడాడు. తాతయ్య అరుగుమీద నుంచి, ఏమన్నారురా డాక్టరుగారు అని అడిగితే, ఏం లేదండి నాన్నగారూ, ఒంటికి వేడి చేసిందన్నారు అనేశాడు.

ప్రేమతోనే అన్నాడు. ఆ సంగతి నాకు ఇప్పుడు తెలుసు. కాని ఆ ప్రేమ ఎంత పని చేసిందో చూడండి.

వేడి చేసిందని తెలిశాక మా తాతయ్య ఊరుకుంటాడా? చలవ చేసేవి మొదలుపెట్టాడు. పొద్దున్న లేత కొబ్బరినీళ్ళు, మధ్యాహ్నం బెల్లం పానకం, సాయంత్రం చెరకురసం. మా అమ్మ ఇంట్లో బెల్లం కుండను అటకమీదికి ఎక్కించింది. ఎందుకో చెప్పడానికి లేదు. కోడలు తనకు బెల్లం కూడా పెట్టడం లేదని తాతయ్యకు కోపం వచ్చింది. వీధిలోకి వచ్చి ఆ ముక్క ఎవరితో అన్నాడో గాని, మన వైపు మర్యాదల సంగతి మీకు తెలియంది కాదు, ఇల్లిల్లూ పోటీలు పడింది. పక్కింటి అక్క అయితే పెద్ద ఇత్తడి గ్లాసునిండా మిరియాలు, ఏలకులు వేసిన పానకం పట్టుకొచ్చి, తాగేదాకా గుమ్మం కదిలేది కాదు.

"తాగండి బాబాయిగారూ, నాకోసం. ఒంట్లో వేడంతా దెబ్బకి దిగిపోద్ది, ఆయ్!"

మా అమ్మ గుమ్మం చాటున నిలబడి ఆ గ్లాసు ఖాళీ అవడం చూసేది. నోరు తెరిస్తే పేరు చెప్పాలి. చెప్పకపోతే గ్లాసు ఆగదు. నేను వెళ్ళి, ఎందుకమ్మా ఏడుస్తున్నావని అడిగితే మొట్టికాయే సమాధానం.

పుండు నల్లబడింది. వాసన మొదలైంది. ఇంక లాభం లేదని మా నాన్న బండి కట్టించాడు. కాలు కింద పెట్టలేని తాతయ్య నా భుజంమీద చెయ్యి వేసుకోవడానికి నన్నూ ఎక్కించుకున్నాడు. డాక్టరుగారి గదిలో అడుగుపెట్టగానే మా నాన్న మళ్ళీ ఆయన చెవిలో ఏదో అన్నాడు. డాక్టరుగారు, మాటిచ్చానుగా అన్నట్టు తలూపారు. కట్టు విప్పి చూశారు. తర్వాత మా తాతయ్యను, ఈమధ్య ఏమేం పుచ్చుకుంటున్నారండీ అని అడిగారు. వేడికని చలవ చేసేవన్నీ అని తాతయ్య గర్వంగా వరసపెట్టి చెప్పాడు. డాక్టరుగారి మొహంలో రంగు మారడం నేను చూశాను.

అప్పుడాయన రెండు గాజుగొట్టాలు తీసి, రెంటిలోనూ నీలంగా మెరిసే మందు పోశారు. ఒక ఖాళీ సీసా తాతయ్యకు, ఒకటి నాకు ఇచ్చి, పెరట్లోకి వెళ్ళి ఒంటేలు పోసి పట్టుకురమ్మన్నారు. నాకెందుకు? సిగ్గుతో చచ్చిపోయాను. కాని ఏం చేస్తారో చూడాలన్న ఆరాటం సిగ్గుకన్నా పెద్దది. తెచ్చి ఇచ్చాం. నాదొక గొట్టంలో, ఆయనదొక గొట్టంలో నాలుగేసి చుక్కలు వేసి, సారాయి దీపంమీద కాచారు. నాది బుసబుసా పొంగి నీలంగానే ఉండిపోయింది. తాతయ్యది పచ్చబడింది. పసుపైంది. నారింజ తొనలా అయింది. చివరికి కాలిన ఇటుక రంగుకొచ్చి అడుగున మడ్డి కట్టింది. అంత అందమైన వస్తువు నేను అప్పటిదాకా చూడలేదు. ఇంకోసారి చెయ్యండి డాక్టరుగారూ అన్నాను. మా నాన్న నా చెవి పట్టుకున్నాడు.

మా తాతయ్య మాత్రం ఆ రెండు గొట్టాలనీ మార్చి మార్చి చూస్తున్నాడు. మొక్క ఆకు తిరగేసి చూసే చూపు అది.

"వేడైతే మీ దీపంమీద రెండూ ఒకేలా కాగాయి కదండీ. మా బుల్లోడిది మారలేదు, నాది మారింది. ఇది వేడి కాదు. దీనికో పేరుండాలి."

"ఉందండి," అన్నారు డాక్టరుగారు. "చెప్పనని మీవాళ్ళకి మాటిచ్చాను. చూపించనని ఇవ్వలేదు."

తాతయ్య మా నాన్నవైపు తిరిగాడు. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఒరే అబ్బాయీ, నా చేలో ఏ తెగులొచ్చిందో ఊరంతటికీ తెలిసి, నాకొక్కడికే తెలియకపోతే ఆ చేను నేనెలా దక్కించుకుంటానురా?" అన్నాడు, అంతే.

మా నాన్న, "మధుమేహం అండి, నాన్నగారూ," అన్నాడు. అని, గోడవైపు తిరిగిపోయాడు.

పిడుగేమీ పడలేదు. మా తాతయ్య బెంగతో కూలిపోలేదు. ఆ మాటను నాలుగైదుసార్లు లోపలే అనుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు చూడండి ప్రశ్నలు! ఒంటేల్లో ఆ తీపి ఎక్కడిది, తిన్నది ఒంటికెందుకు పట్టదు, అన్నంలో తీపి లేదు కదా అది మరి ఎలా చేటు, ఈ పుండుకీ దానికీ ఏమిటి చుట్టరికం. డాక్టరుగారు వీధిలో జనం కాచుకుని ఉన్నా విసుక్కోకుండా ప్రతిదానికీ జవాబు చెప్పారు. ఒంట్లో ఊరవలసిన రసం ఒకటి ఊరడం లేదని, దాన్ని బయటినుంచి సూదితో ఎక్కించాలని, దాన్ని ఇన్సులిన్ అంటారని. పేరులేని జబ్బు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేమని, పేరొచ్చాక ప్రశ్నలు వాటంతటవే బారులు తీరతాయని నాకు ఆ గదిలోనే తెలిసింది.

ఆ బొటనవేలు దక్కలేదు. కాలు దక్కింది. ఇంకొన్నాళ్ళు పానకం తాగి ఉంటే అదీ ఉండేది కాదన్నారు. ఇన్సులిన్ సీసాను తడి ఇసుక పోసిన కొత్తకుండలో దాచేవాళ్ళం. రోజూ పొద్దున్నే సూది మరగబెట్టి పొడిచేది మా నాన్నే. మొదట్లో సూది దగ్గరికి తెచ్చి మళ్ళీ వెనక్కి తీసేవాడు. తాతయ్యే ధైర్యం చెప్పేవాడు, గుచ్చరా, ఎద్దును పొడిచినంత బలం అక్కర్లేదు అని.

ఆ తర్వాత ఆయన ఎవరింటికి వెళ్ళినా గుమ్మంలోనే చాటింపు వేసేవాడు. పక్కింటి అక్క చెవులు మూసుకుంది.

"అయ్యో బాబాయిగారూ, ఆ పేరనకండి! పైన తథాస్తు దేవతలుంటారు!"

"ఉండనీవే అమ్మాయ్. వాళ్ళూ వింటే నాకు పానకం పొయ్యరు. పల్చటి మజ్జిగ ఉంటే ఇప్పించు."

నెల తిరక్కుండా ఆ అక్కే మా అరుగుమీదికొచ్చి, మా ఆయనకు కూడా దాహం ఎక్కువగా ఉంటోందండి అని మెల్లగా కదిపింది. తాతయ్య తన బండిలోనే ఆయన్ని రామచంద్రపురం తీసుకెళ్ళాడు.

నేను బడిలో చదివింది ఐదో తరగతి. ఆ తర్వాతి చదువంతా నేను వెతుక్కున్నదే. ఇంగ్లీషు అక్షరాలు మందు సీసాల చీటీలమీద కూడబలుక్కున్నాను. ఇప్పుడు చూస్తే ఏమిటండీ ఈ తమాషా? జబ్బులకు పేర్లు రోజుకొకటి పుడుతున్నాయి. ఒక్కటీ రోగికి చెప్పరు. రిపోర్టు కట్టలు కట్టలుగా చేతిలో పెడతారు. ఏం జబ్బు తల్లీ అని నేను అడిగితే, ఏదో సిస్టు అంటండి, ఏదో బ్లాకు అంటండి. ఆ ఏదో ఏమిటి? నీ ఒంట్లో ఉన్నదానికి ఏదో ఏమిటి? డాక్టరు చెప్పడు, కొడుకు చెప్పనివ్వడు, రోగి అడగడు. అప్పుడు వేడి అన్నారు. ఇప్పుడు వయసు అంటున్నారు. దాచడంలో మాత్రం ఏ మార్పూ లేదు.

మొన్న రాజమండ్రిలో పెద్ద ఆసుపత్రిలో నాకూ అదే జరిగింది. కొన్నాళ్ళుగా కుడిచెయ్యి నా మాట వినడం లేదు. పరీక్షలయ్యాక కుర్ర డాక్టరు మా అబ్బాయిని బయటికి పిలిచాడు. తలుపు సందులోంచి వాళ్ళ గొంతులు తగ్గడం వినిపించింది. వాడు లోపలికి వచ్చి, ఏం లేదు నాన్నగారూ, వయసు కదా అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

నేను లేచి, మెల్లగా నడిచి, ఆ డాక్టరు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. పేరు చెప్పండి బాబూ, ఆ తర్వాత నా దగ్గర చాలా ప్రశ్నలున్నాయి అన్నాను. ఆయన మా అబ్బాయి మొహం చూశాడు. నేను చూడలేదు. ఆఖరికి చెప్పాడు.

పార్కిన్సన్స్ అంటారట. పలకడానికి కాస్త కష్టమే. రెండు రోజులు సాధన చేశాను, ఇప్పుడు బాగానే తిరుగుతోంది నోరు.