కాక గొంతు వినేదాకా

పాలిటెక్నిక్ చివరి ఏడాది ట్రైనింగ్‌కు నన్ను రేగొండ దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో వేశారు. మాది జనగామ. క్లాసులో అందరికంటే ముందు చెయ్యెత్తి జవాబు చెప్పేదాన్ని. తప్పయితే నలుగురితో కలిసి నేనూ నవ్వేదాన్ని. మొదటి రోజు ఆపరేటర్ అన్న నన్ను ప్యానెళ్ల ముందు నిలబెట్టి, "ఈడ తప్పు చేస్తే సప్లీ రాసుడు ఉండదు చెల్లే" అన్నాడు. ఆయన నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ రోజు అన్నం దిగలేదు.

పని చూస్తే ఇంతే. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఫోన్ చేసి కరెంటు ఆపమంటాడు. మేము ఆపి, ఆ ప్యానెల్‌కు ఎర్ర అట్ట తగిలిస్తాం. పని ముగించి దిగాక, ఆపమన్న మనిషే మళ్లీ ఇవ్వమనాలి. దీన్నే లైన్ క్లియర్ అంటారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. ఇక్కడ ఆ తీగ పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. మానుకోటలో ట్రైనింగ్ పడ్డ నా స్నేహితురాలు గ్రూపులో రోజూ ఫొటోలు పెట్టేది. నేను ఫోన్ మోగితేనే ఉలిక్కిపడేదాన్ని, ఇంక ఫొటోలెక్కడివి!

యాసంగి నాట్లు పడుతున్న రోజులు. మేమంతా కాక అని పిలిచే లైన్‌మన్, ఎక్కడో తీగ తెగిందని మధ్యాహ్నం లైన్ క్లియర్ తీసుకున్నాడు. అట్ట తగిలించాక ఆపరేటర్ అన్న అన్నానికి ఇంటికి బయలుదేరాడు. "కాక ఫోన్ చేస్తేనే ఇయ్యి. జర పైలం" అని బండెక్కాడు. మొదటిసారి ఆ గదిలో ఒక్కదాన్నే మిగిలాను.

వెంటనే రైతుల ఫోన్లు మొదలయ్యాయి. "మడి ఎండుతాంది, కరెంటెప్పుడిస్తరు?" అని ఒకరి తర్వాత ఒకరు. ఏం చెప్పాలో తెలియక అందరికీ సారీ చెప్పాను. అంతలో కాక నంబరు కనిపించింది. అమ్మయ్య అనుకుని ఎత్తాను. గొంతు కాకది కాదు.

"పనైంది. కాక చెప్పిండు. కరెంటియ్యి."

"కాకకియ్యండి ఫోను."

"ఆయన స్తంభం కాడ సామాను సదురుకుంటాండు. నేను మోటరు కాడికచ్చిన. గిది ఆయన ఫోనే గద, నమ్మవా?"

పైకెక్కితే జేబులోంచి జారుతుందని, లైన్‌మన్లు ఫోనును కింద నిలబడ్డ రైతు చేతికిచ్చి ఎక్కడం ఇక్కడ మామూలే. నంబరు కాకదే. ఆ మనిషి గొంతులో అబద్ధమూ లేదు. అట్ట తీశాను. స్విచ్ మీద చెయ్యి పెట్టాను. కాక ఇంకా పైనే ఉంటే? అనుకున్నానో లేదో పై ప్రాణాలు పైనే పోయాయి. అట్ట మళ్లీ తగిలించేశాను.

"కాక గొంతు వినందే ఇయ్యను" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు.

"పిల్లగాండ్లను కూసోబెడితే గిట్లనే ఉంటది!" అని ఫోను పెట్టేశాడు.

అన్నకు చేస్తే ఎత్తలేదు. రైతులంతా వచ్చి మీద పడతారని భయం. కాలేజీకి ఫిర్యాదు పోతుందని భయం. కాక నిజంగానే చెప్పమన్నాడేమో, పిరికితనంతో ఊరందరి పొలాలు ఎండబెడుతున్నానేమో అని ఇంకో భయం. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆ అట్ట పట్టుకుని నిలబడ్డాను.

చివరికి బయట బండి ఆగింది. కాక లోపలికి వచ్చి, గ్లాసుతో కుండలో నీళ్లు ముంచుకున్నాడు. సగం నీళ్లు చొక్కా మీదే పోయాయి.

"పనైందని నేనే చెప్పిన బిడ్డా. ఆయన మోటరు కాడికి పోయిండు, ఫోను ఆయన చేతులనే ఉండె. అవుతలి స్తంభం మీద ముడి వదులుగ కనవడితే మల్ల ఎక్కిన. పైనుంచి సూస్తే ఆయన ఫోన్ల మాట్లాడుతాండు. కేకేసిన, ఇనవడలే. దిగే యాళ్ల లేదు." గ్లాసు కుండ మీద బోర్లించాడు. "కండ్లు మూసుకున్న."

అప్పుడు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. అట్ట తీసిన సంగతి మాత్రం చెప్పలేకపోయాను.

ఈ పని నాకొద్దు, ఇంటికి పోతానని మర్నాడు పొద్దున సబ్‌స్టేషన్‌కు రాగానే బాపుకు చెప్పబోయాను. బాపు నంబరు నొక్కేలోపే గదిలో ఫోన్ మోగింది. కాక.

"ఇయ్యాల నువ్వే ఉన్నవా బిడ్డా?"

"ఉన్న కాకా."

"అయితే ఎక్కుతాన."

కరెంటు ఆపి అట్ట తగిలించాను. కాక గొంతు మళ్లీ వినేదాకా ఆ అట్ట మీద నుంచి చెయ్యి తీయలేదు.