పన్నెండో గడి

ఎనిమిది అంగుళాలని అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉంది. కటింగ్ మాస్టారు మెడలోంచి టేపు తీసి ట్యాబ్ మీద అడ్డంగా పెట్టి చూశారు. ఏడు కూడా రాలేదు. నిలువుగా పెట్టారు. నాలుగు మీద కొంచెం.

"మోసం," అన్నారు.

"అలా కొలవరు పెదనాన్నా. ఈ మూల నుంచి ఆ మూలకి కొలవాలి," అంది మాస్టారి భార్య చెల్లెలి కూతురు. సెల్‌ఫోన్ల రిపేరు కొట్టులో పనిచేసే ఆ పిల్లే పట్టుబట్టి దీన్ని కొనిపించింది.

"క్రాస్‌లోనా? క్రాస్‌లో కొలిస్తే గుడ్డ కూడా సాగుతుందమ్మా. ఆ లెక్కన నేనూ ఆరడుగులుంటాను."

మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చున్న భార్య నవ్వింది. నోరు ఒక పక్కకే కదిలింది గానీ నవ్వు మాత్రం పూర్తిగా వచ్చింది.

ఆరు నెలల కిందట ఒక ఉదయం కాలరుకు బొత్తాం కుడుతూ ఆవిడ కుర్చీలోంచి పక్కకు ఒరిగిపోయింది. పక్షవాతం కుడిచేతినీ, కుడికాలినీ పట్టుకుంది. మాటను పూర్తిగా తీసుకుపోయింది. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. తాను చెప్పబోతే "ఆఁ" అన్న ఒక్క శబ్దమే వస్తుంది. ఎడమచేతికి పెన్నిస్తే గీతలే వచ్చాయి, అక్షరాలు రాలేదు. బొమ్మలున్న అట్టముక్కలు చేసిస్తే మూడో రోజుకల్లా విసిరికొట్టింది. బొమ్మ నొక్కితే మాట పలికే ట్యాబ్ ఒకటి ప్రయత్నించి చూడమన్నారు డాక్టరమ్మ. అదీ కుదరకపోతే ఏం చెయ్యాలో ఆవిడ చెప్పలేదు. మాస్టారు అడగలేదు.

నచ్చకపోతే పది రోజుల్లో తిరిగి ఇచ్చెయ్యవచ్చు. మాస్టారు కొలతల పుస్తకంలో కొత్త పేజీ తెరిచి, ఖాతాదారు పేరు రాసే చోట ట్యాబ్‌ను 'పలక' అని రాశారు.

ఆ పుస్తకం వాళ్ల టైలరింగ్ కొట్టుది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ కొట్టు ఇద్దరు మనుషులది. కత్తిరించడం, కుట్టడం ఆయన పని. బొత్తాలు, అంచులు, వచ్చినవాళ్లతో మాటలు ఆవిడవి. మాస్టారు మెల్లగా మాట్లాడే మనిషి. ఎదురుగా నిలబడ్డవాడికే సగం వినబడదు. కొట్టుకు నోరు ఆవిడే. అన్నిటికన్నా ముఖ్యం, చివరి చూపు ఆవిడది. కుట్టిన ప్రతి చొక్కానీ తిరగేసి, కుట్టు వెంట బొటనవేలు నడిపేది. బాగుంటే మడత పెట్టేది. లేకపోతే బల్ల మీదికి విసిరేది.

"విప్పు!"

అంతే. ఎక్కడో, ఎందుకో చెప్పేది కాదు. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు వినీ వినీ నవ్వుకునేవాళ్లు.

"లోపలి కుట్టు ఎవరికి కనబడుతుంది?" అని గొణిగేవారు మాస్టారు.

"నాకు కనబడింది, చాలదా మాస్టారూ?"

ఆయన బ్లేడు తీసుకుని కుట్టు విప్పేవారు.

పలకను కూడా కొత్త గుడ్డను పరీక్షించినట్టే పరీక్షించారు. నీళ్లలో తడపడం ఒక్కటే మానేశారు. కిటికీ దగ్గర వెలుతురుకు ఎత్తి చూశారు. తెర మీద తన ముఖం తప్ప ఇంకేమీ కనబడలేదు. 'ఎండలో అద్దం' అని రాసుకున్నారు. పళ్లబండి తక్కెడలో తూయించి బరువు రాసుకున్నారు. చార్జింగ్ నిండడానికి ఎంతసేపు పడుతుందో కొట్టులో పెట్టి చూశారు. 'నిండడానికి రెండు చొక్కాలు. అయిపోవడానికి ఒక కోటు' అని రాశారు. కోటంటే ఆయనకు ఒక పూర్తి పగలు. గొంతు సంగతికొస్తే, వంటింట్లో కుళాయి తిప్పి ఉంటే వినబడదు.

అందులో పన్నెండు గడులున్నాయి. పిల్ల పదకొండింటిలో బొమ్మలు పెట్టి, తన గొంతుతో మాటలు నింపింది. నీళ్లు, భోజనం, బాత్రూమ్, నొప్పి, మందు, ఫ్యాన్, కిటికీ, దుప్పటి, నిద్ర, అవును, వద్దు. అవసరాలన్నీ అయిపోవడంతో పన్నెండోది ఖాళీగా మిగిలింది.

"వేలు పెట్టాక ఒక క్షణం ఆలోచిస్తోంది పెదనాన్నా. చౌక సరుకు కదా, మెదడు చిన్నది. ఇంకాస్త మంచిది చూద్దామా?"

"నీ ఫోనులో పెట్టు, చూద్దాం."

పిల్ల తన ఖరీదైన ఫోనులో అవే బొమ్మలు పెట్టి పెద్దమ్మకిచ్చింది. వణికే ఎడమ వేలు తగలగానే ఫోను 'నీళ్లు, నీళ్లు, నీళ్లు, నీళ్లు' అంది.

"ఒక్క నోటికి నాలుగు గ్లాసులు," అన్నారు మాస్టారు. "మాకు ఆలోచించేదే మంచిది."

నాలుగో రోజుకు ఆవిడ నీళ్లడిగింది. ఐదో రోజు కిటికీ తెరవమంది. ఆ పూట మాస్టారు పుస్తకంలో ఏమీ రాయలేదు, కిటికీ మాత్రం అడగకుండానే మళ్లీ రెండుసార్లు మూసి తెరిచారు.

ఆరో రోజు నుంచి తేడా వచ్చింది. ఆవిడ కింద కుడిపక్క మూలను నొక్కడం మొదలుపెట్టింది. పలక పలకదు. మళ్లీ నొక్కుతుంది. "ఆఁ! ఆఁ!" అంటుంది. కాసేపటికి విసిగి పలకను దుప్పటి మీదికి తోసేస్తుంది. అట్టముక్కలు విసిరిన రోజు ఉన్న ముఖమే మళ్లీ కనబడింది.

'కింది కుడి మూల చచ్చిపోయింది' అని రాశారు మాస్టారు. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పలకను అట్టపెట్టెలో పెట్టి, బిల్లు జేబులో వేసుకుని, తిరిగి ఇచ్చెయ్యమందామని పిల్ల పనిచేసే రిపేరు కొట్టుకు వెళ్లారు.

పిల్ల ఆ మూలను పదిసార్లు నొక్కి చూసింది.

"మూల బంగారంలా ఉంది. ఆ గడి ఖాళీది పెదనాన్నా. అందులో మాట పెట్టకపోతే ఏం పలుకుతుంది?"

"మరి ఆవిడెందుకు దాన్నే నొక్కుతోంది?"

"మనం పెట్టనిదేదో చెప్పాలని."

"ఏమిటది?"

"నన్నడుగుతావేంటి? ఇన్నేళ్లు కాపురం చేసింది నువ్వా, నేనా?" అని నవ్వి, ఆయన ముఖం చూసి ఆపేసింది. "ఎప్పుడు నొక్కుతోందో చూశావా?"

మాస్టారు దారి పొడుగునా అదే ఆలోచించారు. పొద్దున నొక్కదు. భోజనం దగ్గర నొక్కదు. కొట్టు పని ఇంటికి తెచ్చి, మంచం ఎదురుగా కూర్చుని బొత్తాలు కుట్టుకుంటున్నప్పుడే నొక్కుతుంది.

ఇంటికి రాగానే పలకను ఆవిడ ఒళ్లో పెట్టారు. చేతిసంచిలోంచి చొక్కా తీసి, ఎప్పటిలాగే ఎదురుగా కూర్చున్నారు. ఆవిడ వేలు మూలకు వెళ్లింది.

"లైటు వెయ్యనా?"

ఒక క్షణం ఆగి, పలక 'వద్దు' అంది.

"నన్ను దగ్గర కూర్చోమంటావా?"

'వద్దు.'

"ఇంత గట్టిగా వద్దనాలా?"

ఆవిడ ఎడమచెయ్యి చాపి ఆయన ఒళ్లోని చొక్కా లాక్కుంది. పళ్లతో ఒక కొస పట్టుకుని, ఎంతో కష్టపడి లోపలివైపు తిరగేసింది. బొటనవేలు భుజం కుట్టు మీద నడిచింది. చొక్కా చెయ్యి అతికిన చోట ఆగిపోయింది. అక్కడ చిన్న ముడత ఉంది. ఆవిడ చొక్కాను ఆయన మీదికి విసిరింది.

మాస్టారు ముడత చూశారు. తర్వాత సంచిలో ఉన్న మిగతా రెండు చొక్కాలు తీసి తిరగేశారు. ఒకదానిలో అదే చోట, అదే ముడత. ఈ ఆరు నెలల్లో ఎన్ని చొక్కాలు ఇలా వెళ్లాయో. ఒక్కరూ తిరిగి తేలేదు. "ఆవిడకెలా ఉంది మాస్టారూ?" అని అడిగి, పట్టుకెళ్లి తొడుక్కున్నారు.

ఆయన పలక తీసుకుని పన్నెండో గడిలో మాట నింపడానికి బొత్తాం నొక్కారు. పిల్ల ఒకసారి నేర్పింది. బొమ్మగా ఏం పెట్టాలో తోచక బ్లేడును ఫొటో తీశారు. తర్వాత తనకలవాటైన మెల్లని గొంతుతో, మర్యాదగా, "విప్పు," అన్నారు.

ఆవిడ నొక్కి విన్నది. 'వద్దు' నొక్కింది.

కొంచెం పెంచి మళ్లీ అన్నారు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అలా అరవడం నాకు రాదే!"

'వద్దు.'

మాస్టారు గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు విన్న ఆ విసురునూ, ఆ విరుపునూ గుర్తు చేసుకుని, పక్కింటివాళ్లు కిటికీలోంచి తొంగిచూసేంతగా కేకేశారు. "విప్పు!"

ఆవిడ నొక్కింది. పలక ఒక క్షణం ఆలోచించి, ఆయన గొంతుతో ఆయన్నే కసిరింది. ఆవిడ నవ్వుతూ మళ్లీ నొక్కింది. నవ్వులో కళ్లు తుడుచుకోవడానికి ఆగి, ఇంకోసారి నొక్కింది.

"వినబడిందమ్మా, వినబడింది," అన్నారు మాస్టారు.

మర్నాడు పదో రోజు. ఆయన బిల్లు సంగతి ఎత్తలేదు. అట్టపెట్టెలో బొత్తాలు పోసుకున్నారు. సాయంత్రం మంచం ఎదురుగా కూర్చుని ఆ రోజే చెయ్యి అతికిన ఒక చొక్కాను తిరగేసి, ఆవిడ ఒళ్లో పెట్టారు. బొటనవేలు కుట్టు వెంట నడిచి ఒక చోట ఆగింది. వేలు పన్నెండో గడి మీద పడింది.

పలక ఇంకా ఆలోచిస్తుండగానే మాస్టారు బ్లేడు అందుకున్నారు.