ఆవిడకు నేను దిద్దిన మీసం

ఇరవై ఏళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, అదే నా ఖర్మ. నవ్వు ఆగాకే సిగ్గేస్తుంది. మీకైనా చెప్పుకోవాలి.

అప్పుడు గుడివాడలో ఓ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచర్ని. స్కూల్ యానివర్సరీకి పరమాణువు కథను నాటకంగా వేయించాను. రేడియం కనిపెట్టిన ఆవిడ తప్ప నా నాటకంలో శాస్త్రవేత్తలంతా మగవాళ్ళే. కాటుకతో మీసాలు దిద్ది దిద్ది నా వేళ్ళు నల్లబడ్డాయి.

యురేనియం కేంద్రకం చీలడం ఎలా చూపించాలో నాకు తోచలేదు. అవనిగడ్డ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న పద్మకు తోచింది. పిల్లల్ని చేతులు పట్టించి గుండ్రంగా నిలబెట్టింది. న్యూట్రాన్ పిల్ల కబడ్డీ కబడ్డీ అంటూ దూసుకొచ్చి తగలగానే ఆ గుండ్రం నీటిబొట్టులా సాగి, నడుము సన్నబడి, రెండు ముక్కలైంది. అందరూ ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నేనూ కుర్చీలోంచి పడబోయాను.

"ఎక్కడ నేర్చుకున్నావే ఇది?" అన్నాను.

"మా అక్క డిగ్రీ పుస్తకంలో ఉందండి. దేశం వదిలి పారిపోయిన ఓ ఆవిడ మంచులో నడుస్తూ లెక్కగట్టిందంట. నేను ఆవిడ వేషం వేస్తానండి టీచర్."

ఆవిడ గురించి నేనెన్నడూ వినలేదు. తెలియదని అనొచ్చుగా? క్లాసులో ఆ మాట అనడం మా టీచర్లకు చేతకాదు.

"అలాంటి ఆవిడ ఎవరూ లేరమ్మా. ఆ చీలిక కనిపెట్టినందుకు నోబెల్ ప్రైజు వచ్చింది ఓ ప్రొఫెసరు గారికి. నువ్వు ఆయన వేషం వేసి మీసం పెట్టుకో."

"అవునాండి," అంది పద్మ. వాదించలేదు. టీచరు చెప్పింది కదా.

ఆ ఆదివారం బందరు వెళ్ళి లైబ్రరీలో వెతికాను. ఆవిడ ఉంది. మేనల్లుడితో కలిసి ఆ చీలికకు అర్థం చెప్పింది ఆవిడే. ప్రైజు మాత్రం ఆవిడతో ఏళ్ళ తరబడి పనిచేసిన ఆయనొక్కడికే దక్కింది. నాటకానికి ఇంకా వారం ఉంది. ఎందుకు చెప్పలేదు? పిల్లల ముందు పలచనైపోతానని, అంతకుమించి ఏ కారణమూ లేదు. ఆ ప్రైజు ఇచ్చిన పెద్దల్ని తిట్టుకునే హక్కు కూడా నాకు లేదు. వాళ్ళు ఆవిడను పక్కన పెట్టారు, నేను ఏకంగా లేదన్నాను, అదీ ఆవిడను వెతికి పట్టుకున్న పిల్లతోనే.

నాటకం అదిరింది. పద్మ మీసం తిప్పుతూ మాట్లాడుతుంటే హాలంతా ఈలలు. ఇంకోసారి చీల్చమని వెనక వరసల్లోంచి కేకలు. నాకు పట్టరాని సంతోషం. అది నిజమే, ఇప్పటికీ నిజమే.

తర్వాత ప్రతి ఏడూ ఆ పాఠం ఆవిడతోనే మొదలుపెట్టాను. పిల్లలు కళ్ళింతలు చేసుకుని వినేవాళ్ళు, నాకూ హుషారొచ్చేది. కానీ వాళ్ళలో పద్మ లేదు. టెన్త్ పాసై వెళ్ళిపోయింది, ఎక్కడుందో తెలియదు. క్షమించమని అడగను. ఆ ఒక్క మాట సరిదిద్దనిస్తే చాలు.

పద్మా, ఆవిడ ఉన్నారమ్మా. నువ్వు చెప్పిందే నిజం. తెలియంది నాకు.

హమ్మయ్య, అనేశాను.