ఆంటీ అడగడం మానేసిన మాట

హౌగాంగ్ ఆంటీ పోయారని మంగళవారం పొద్దున ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అమ్మీ నిద్రలోనే వెళ్ళిపోయింది" అంది. నాకు ముందు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆంటీది హైదరాబాదు; పెళ్ళయ్యాక ఈ దేశం వచ్చి హౌగాంగ్ పేటలో స్థిరపడ్డారు. ఇక్కడ యూనివర్సిటీలో చదివే రోజుల్లో ఆదివారం నా భోజనం వాళ్ళ ఫ్లాట్‌లోనే. ఖట్టీ దాల్ గిన్నె నా ముందుకు తోసి, "తినేకాడ సిగ్గేంది బేటా, సిగ్గుపడేటియి ఏరే ఉంటయ్" అనేవారు.

మా హాస్టల్లో మరుసటి ఏడాది గది దక్కాలంటే పాయింట్లు కావాలి. వేసేది సీనియర్ల కమిటీ. అందులో నేనొకణ్ణి. ఒకరోజు మా జూనియర్, తెలుగమ్మాయే, తెల్లారి ఓ సీనియర్ గదిలోంచి రావడం ఎవరో చూశారు. మధ్యాహ్నానికి హాస్టలంతా పాకింది. వాడి భుజం తట్టారు. ఆమెకి పేర్లు పెట్టారు, వాటికి నేనూ నవ్వాను. పాయింట్లు వేసేనాడు "హాస్టల్ పరువు తీసింది" అన్నారెవరో. ఆమె పేరు పక్కన సున్నా వేసిన చెయ్యి నాది. వాణ్ణి మాత్రం టీమ్ కెప్టెన్ని చేశాం.

ఆమె గది పోయింది. నేనే పెద్దమనిషిలా ఆంటీ దగ్గర ఖాళీ గది ఉందని చెప్పి పంపాను. అంతటితో ఊరుకున్నానా? "అమ్మాయి మీద కొంచెం మాటలున్నాయి ఆంటీ, ముందే చెప్తే మంచిదని..." అన్నాను.

ఆంటీ ఉల్లిగడ్డ కోయడం ఆపలేదు. "ఆ పోరగాని రూమ్ గూడ పోయిందా?"

"లేదాంటీ."

"మరి ఈ పిల్లది తీసిందెవరు?"

బల్ల మీది ఉల్లిపొట్టు ఏరడం మొదలుపెట్టాను. ఆవిడకి అర్థమైపోయింది. "నాకు గాదు, ఆమెకు చెప్పు. మాఫీ అడుగు."

చెప్పలేదు. ఆ అమ్మాయి చదువు ముగించి, దగ్గర్లోని పాయా లేబర్ ఏరియా‌లో ఉద్యోగంలో చేరాక కూడా ఆ గది వదల్లేదు. ఆదివారాలు ముగ్గురం కలిసే తినేవాళ్ళం. ఆంటీ నాతో లిఫ్ట్ దాకా వచ్చి, "చెప్పినవా?" అనేవారు. "వచ్చే వారం" అనేవాణ్ణి. రెండేళ్ళకి అడగడం మానేశారు. వడ్డించడం మానలేదు. ఆ అన్నం ఎలా మింగానో నాకే తెలియదు.

మంగళవారం ఖననం అయ్యాక ఫ్లాట్‌కి వెళ్ళాను. కారిడార్లో ఆ అమ్మాయి ఒక్కతే, వచ్చినవాళ్ళ చెప్పులు జతలుగా సర్దుతోంది.

"ఆ రోజు నీకు సున్నా వేసింది నేనే. తప్పు చేశాను" అన్నాను.

"తెలుసు" అంది. "నేను సూట్‌కేస్ విప్పకముందే ఆంటీ చెప్పేశారు. ఉండాలో పోవాలో నువ్వే చూసుకో అన్నారు." చేతిలోని జతకి దుమ్ము దులిపింది. "నీ గురించే, వాడే వచ్చి చెప్తడు, మంచోడే అనేవారు. మొన్న ఆదివారం కూడా అన్నారు."

మళ్ళీ వంగి చెప్పులు సర్దసాగింది. నా జత దగ్గరికి వచ్చాక దాన్ని దాటి, పక్కనున్నది అందుకుంది.