మెడకాడి గుండీ

సైనికులు ఇచ్చే ఉచిత పాటకచేరీకి ఒక దర్జీని వెంటబెట్టుకుపోయాను. అంత తెలివితక్కువ నిర్ణయం ఇంకెవరూ తీసుకోలేరని గర్వంగా చెప్పుకుంటాను.

ఆ దర్జీ భాయ్ అమీర్‌పేటలో మా బట్టల దుకాణం మెట్ల కింద మిషన్ పెట్టుకున్నాడు. ఎవరితో మాట్లాడినా వాళ్ల భుజం కుట్టును రెండు వేళ్లతో తడిమేవాడు. నా పెళ్లిచూపుల్లో అమ్మాయి తండ్రిని కూడా వదల్లేదు.

ఉచితం కనుక గంట ముందే పోయి ముందు వరుస పట్టాను. జవాన్లు గొంతు కలపగానే నేనూ, మాతో వచ్చిన నా స్నేహితుడూ తలలూపుతున్నాం. భాయ్ మోచేత్తో పొడిచాడు.

"గా చివరి జవాన్‌ను చూడు. మెడకాడి గుండీ దారం మీద ఏలాడుతున్నది."

"పోతే పోనీ భాయ్, పాట విను."

"విరామం అయినంక ఆయనొక్కడే పాడుతడంట. ఊపిరి గట్టిగ పీలిస్తే గుండీ ఎగిరిపోతది. ఇంతమంది ముంగట ఇజ్జత్ ఏం కావాలె మియా?"

విరామంలో జేబులోంచి సూదీ దారం తీసి వేదిక దగ్గరికి నడిచాడు. జవాను గడ్డం పైకెత్తి బిగుసుకుని నిలబడ్డాడు.

"ఊపిరి వదులు బేటా, నీ మెడను కుట్టనులే."

తర్వాత అతను గొంతు పైకి ఎత్తిన ప్రతిసారీ మా ముగ్గురి చూపూ గుండీ మీదే. అది కదల్లేదు. అప్పుడు భాయ్ కళ్లు మూసుకుని, ఆ సాయంత్రం మొదటిసారి పాట విన్నాడు.

పంజాగుట్ట హోటల్లో మా ముగ్గురికీ నాలుగు చాయ్‌లయ్యాయి. భాయ్ మొదటి చాయ్‌ని ఆ కుట్టు గురించి చెబుతూ చల్లార్చుకున్నాడు మరి. బిస్కెట్లతో కలిపి నూటముప్పై రూపాయలు. మొత్తం నేనే కట్టాను. బాధ కలగలేదంటే అబద్ధం, ఒక పదిరూపాయలంత కలిగింది.